వసంతకాలపు ప్రకృతి నడకల్లో గూళ్ల దగ్గరకు జనాన్ని తీసుకెళ్లవచ్చా?

చెరువుగట్టు:
నగర శివారులోని మా చెరువు దగ్గర మొన్న ఆదివారం పక్షుల పరిశీలన నడక జరిగింది. నడిపించినవారు గులకరాళ్ల మధ్య తీతువు పెట్టిన గుడ్లను చూపించగా, వచ్చినవారంతా వంతులవారీగా వంగి ఫొటోలు తీసుకున్నారు. ఆ తరువాత వేపచెట్టు కింద నిలబడి, రికార్డు చేసిన కంసాలి పిట్ట కూతను ఫోనులో వినిపించారు. గూడు కట్టే కాలంలో ఆ కూత వింటే, తన హద్దులోకి మరో మగపక్షి చొరబడిందనుకుని పిట్ట గూటిని వదిలి వస్తుంది. ఇది తప్పని నా అభిప్రాయం.

కొత్తగూడ వాసి:
ఆ నడకను నడిపించింది నేనే. కూత వినిపించింది అర నిమిషం కూడా లేదు. మోదుగ పూసే ఈ రోజుల్లో కాకపోతే నగరంలోని పిల్లలు చెట్టు వైపు తలెత్తి ఎప్పుడు చూస్తారు? హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. అక్కడి పక్షులను చూసి పదిమందికీ చెప్పినవారు లేకపోతే అది సాధ్యమయ్యేదని నేను అనుకోను.

మాధవి టీచర్:
ఈ నడకలకు రుసుము ఎంత?

చెరువుగట్టు:
గుడ్ల సంగతికి మీరు జవాబు చెప్పలేదు. తీతువు గూడంటూ కట్టదు. నేల మీద చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది, వాటి మచ్చలు రాళ్లలో కలిసిపోతాయి. ఎండ ముదిరితే తల్లిదండ్రులు పొట్ట ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మీరంతా అక్కడ నిలబడినంతసేపూ ఆ జంట తలల మీద అరుస్తూ తిరిగిందే తప్ప, గుడ్ల మీదికి దిగలేకపోయింది. పైగా మనుషులు గుమికూడిన చోటును కాకులూ కుక్కలూ కనిపెడతాయి.

కొత్తగూడ వాసి:
మేము వచ్చింది పొద్దున్నే, ఎండ లేనప్పుడు. కూత విషయానికి వస్తే, బయట మోగే వాహనాల హారన్ల కన్నా నా ఫోను పెద్ద శబ్దం చేయదు.

నల్లగండ్ల:
మీరిద్దరూ కూత దగ్గరే ఆగిపోయారు. మురుగునీటి గురించి ఎవరైనా మాట్లాడండి.

చెరువుగట్టు:
హారన్ విని ఏ పిట్టా అది తన పోటీదారు అనుకోదు. ఇంత చిన్న విషయం తెలియనివారు నడకలు ఎలా నడిపిస్తారు?

కొత్తగూడ వాసి:
అయ్యా, మర్యాద తప్పకండి. మీ బాధ పిట్టల గురించి కాదనీ, బయటివారు చెరువుకు రావడం మీకు గిట్టడం లేదనీ నాకు అర్థమవుతోంది.

చెరువుగట్టు:
ఆ బాధ కూడా ఉంది, దాచను. మా నాన్నగారు ఈ గట్టు మీదే బర్రెలు మేపారు. కంచె వేసిన తరువాత, పశువులు వస్తే పక్షులకు ఇబ్బంది అని మమ్మల్ని పంపించివేశారు. మేము ఒప్పుకున్నాము. కెమెరాలు మెడలో వేసుకొని వచ్చినవారికి మాత్రం అదే గేటు తెరుచుకుంటోంది. మా బర్రె నడిస్తే ఇబ్బంది, మీ గుంపు నడిస్తే అవగాహన అంటే నేను ఎలా ఒప్పుకోవాలి?

కొత్తగూడ వాసి:
ఈ సంగతి నాకు తెలియదు. రుసుములో మీ ఊరివారికి వాటా ఇమ్మంటే మా బృందంలో మాట్లాడతాను.

చెరువుగట్టు:
నేను వాటా అడగలేదు. ఏ నెలలో ఎటువైపు అడుగు పెట్టకూడదో నిర్ణయించేటప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టుకోమంటున్నాను. తీతువు ఏ గులకల్లో గుడ్లు పెడుతుందో మా అమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కొత్తగూడ వాసి:
అయితే వచ్చే ఆదివారం నడకకు ముందు మీ అమ్మగారితో మాట్లాడతాను, ఆవిడ వద్దన్న వైపు ఎవరినీ రానివ్వను. కూత విషయంలో మాత్రం నా మాట మారదు.

చెరువుగట్టు:
కూత వినిపిస్తే గేటు దగ్గరే ఆపుతాము.

మాధవి టీచర్:
రుసుము ఎంతో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది ఆ చెరువుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంటారు, కానీ డబ్బు కట్టలేరు. వేసవి సెలవులు రాకముందే వారిని తీసుకురావాలని ఉంది. గేటు దగ్గర ఎవరిని అడగాలో మీ ఇద్దరిలో ఒకరు చెప్పండి.