ఫోర్స్‌డ్ ల్యాండింగ్ ప్రాక్టీస్‌లో ఎత్తు అంచనా ఎలా వేస్తారు?

నమస్కారమండీ. మాది అనంతపురం. బెంగళూరులో సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం మీద ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాను.

ఇంజిన్ ఆగిపోయిందనుకుని పవర్ తగ్గించడం, 68 నాట్ల గ్లైడ్ స్పీడ్ (ఇంజిన్ లేకుండా జారుతూ దిగే వేగం) పట్టడం, గాలి ఎటు వీస్తోందో చూసి పొలం ఎంచుకోవడం వరకు ఇబ్బంది లేదు. టెన్షనంతా ఆ తర్వాతే. బెంగళూరే సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది కదా, సముద్రమట్టం నుంచి ఎత్తు చెప్పే ఆల్టిమీటర్ 4,000 చూపిస్తుంటే నేలకు మిగిలింది సుమారు వెయ్యే. ఆ తీసివేత చేసేలోపు బేస్‌కి (పొలానికి ఎదురుగా తిరిగే చివరి మలుపుకు ముందు, అడ్డంగా ఎగిరే దారి) తిరగాల్సిన చోటు దాటిపోతోంది. చివరికి ఒకసారి పొలం మీద మరీ ఎత్తులో ఉంటాను, ఇంకోసారి అసలు అందేలా ఉండదు.

అనుభవమున్నవాళ్లు అంకెలు చూస్తారా, లేక కిటికీలోంచి పొలం కనిపించే కోణాన్ని నమ్ముతారా? పూర్తి ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండి, విమానం ఇంకా ఏటవాలుగా దిగేలా చేసే పలకలు) పొలం ఖాయంగా అందుతుందని తేలాకే దించాలంటారు మా ఇన్‌స్ట్రక్టర్. ఆ ‘ఖాయం’ ఎలా తెలుస్తుందంటే మాత్రం నవ్వేసి ఊరుకుంటారు!

ఇంకొకటి. నగరానికి ఉత్తరాన ద్రాక్షతోటలు పైనుంచి పచ్చగా, చదునుగా ఊరిస్తాయి. కిందికి దిగాక చూస్తే అన్నీ స్తంభాలు, తీగలే. వీటినీ, కరెంటు లైన్లనీ ముందే పసిగట్టడానికి మీరు దేన్ని గుర్తుగా పెట్టుకుంటారు?