అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడికలో ఆ పదకొండేళ్ల సంగతి చెప్పొచ్చా?

పెన్సిల్_గీత (ప్రశ్న):

అందరికీ వందనాలు. మా అమ్మమ్మ పోయి మూడు వారాలైంది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞాపకార్థ కూడిక. మనవల తరఫున నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఇప్పటికి నాలుగు కాగితాలు చింపేశాను. "ప్రార్థనాపరురాలు, ప్రేమమూర్తి" అని మొదలుపెడితే ఎవరి అమ్మమ్మకైనా అతికిపోతుంది. పైగా మా అమ్మమ్మ అంత ప్రేమమూర్తేమీ కాదు. సంఘంలో సగం మందికి ఆవిడ నోరంటే హడలు. ఎవరైనా శ్రుతి తప్పితే మెల్లగా తల తిప్పి చూసేది, అంతే, వాళ్ల గొంతు పడిపోయేది.

ఆవిడ బైబిల్ ఇప్పుడు నా దగ్గరుంది. అట్ట ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి వాడుకుంది. మామూలు రోజుల్లో మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. అలా చదివితే 1,189 అధ్యాయాలూ ఏడాదిలో అయిపోయి ఇంకా కాస్త మిగులుతుందని లెక్క చెప్పేది. 119వ కీర్తన వంతు వచ్చిన రోజు మాత్రం నన్ను పిలిచేది. 176 వచనాలు, తనొకటి నేనొకటి. కూడబలుక్కుని చదవడం నాకు అక్కడే వచ్చింది. మధ్యలో ఒకటి ఎగ్గొడితే కళ్లు మూసుకునే పట్టేసేది.

అంచుల నిండా పెన్సిల్‌తో తేదీలు. చాలావరకు పుట్టుకలు, జబ్బులు, పరీక్షలు. మత్తయి 5:23, 24 పక్కన కూడా ఒక తేదీ, దాని కింద రెండు గీతలు. అర్పణ ఇవ్వబోతుంటే నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమనే వచనాలవి.

ఆ తేదీకి నాకు ఏడేళ్లు. ప్రతి ఆదివారం కానుక డబ్బులు రుమాలు మూలన ముడేసి తెచ్చేది, సంచి రాగానే ఆ ముడి విప్పడం నా పని. ఆ రోజు సంచి మా వరసకు వచ్చేసింది, ముడి ఇంకా గోళ్లతో పీకుతున్నాను. నా చేతి మీద చెయ్యి వేసి, "ఈ వారం వద్దులే" అంది. బయటికొచ్చాక ఇంటికి కాకుండా నన్ను చిన్నమ్మమ్మ ఇంటికి లాక్కెళ్లింది. అక్కచెల్లెళ్లకి అప్పటికి పదకొండేళ్లుగా మాటల్లేవు. ఒకే మందిరంలో ఆవిడ కిటికీ వైపు, ఈవిడ తలుపు వైపు కూర్చునేవారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టారు. పై వారం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటే పాస్టరు గారు ప్రకటనలు చదవడం ఆపి చూశారు.

నాకు ఇదే చెప్పాలనుంది. "పోయినావిడ పరువు తీస్తావా" అంటోంది అమ్మ. మీరేమంటారు?

సండేస్కూల్_టీచర్:

పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం, రెండో తిమోతి 1:5 చూడమ్మా. తిమోతి అవ్వ లోయి పేరు బైబిల్ మొత్తంలో వచ్చేది ఆ ఒక్క వచనంలోనే. ఆవిడ గురించి పౌలు రాసింది ఒకే సంగతి, నిష్కపటమైన విశ్వాసం. నిష్కపటం అంటే పైకొకటి లోపలొకటి లేకపోవడమేగా! అదే ఉత్తరం నాలుగో అధ్యాయంలో మార్కును వెంటబెట్టుకుని రమ్మంటాడు. ఆ మార్కు గురించే తోటి సేవకుడు బర్నబాతో గొడవపడి విడిపోయాడని అపొస్తలుల కార్యములు 15లో ఉంది. యేసు ఎవరో తెలీదని పేతురు బొంకిన సంగతైతే నాలుగు సువార్తల్లోనూ రాశారు, ఒక్కరూ దాచలేదు. నేనైతే చెప్పేస్తాను.

కిటికీ_పక్క:

నేను ఒప్పుకోను. పేతురు చుట్టాలు ముందు వరసలో కూర్చుని ఏడుస్తూ వినలేదు కదండీ. సగం కథ చిన్నమ్మమ్మ గారిది. ఆవిడ ఉన్నారా? ఉంటే ముందు ఆవిడని అడగండి. వద్దంటే 119వ కీర్తన ముచ్చట చాలు, అదే నాకు ఎక్కువ నచ్చింది.

నాన్న_పెద్దకొడుకు:

మా నానమ్మ కూడికలో నేను కాగితం లేకుండా నిలబడి రెండో వాక్యానికే ఆగిపోయాను. పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఇంట్లో ఒకసారి గట్టిగా చదివి, ఎక్కడ గొంతు పూడుకుపోతుందో గుర్తు పెట్టుకోండి. అక్కడ నీళ్లు తాగొచ్చు. గొడవ దేని గురించో మాత్రం చెప్పకండి, మళ్లీ మొదలవుతుంది.

పెన్సిల్_గీత:

కిటికీ_పక్క గారూ, నిన్న వెళ్లి అడిగాను. చిన్నమ్మమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బైబిల్ తెరిచి ఆ తేదీ చూపిస్తే వేలితో తడిమి, "దీన్ని కూడా రాసుకుందా" అంది. గొడవంతా వాళ్ల అమ్మ కుట్టుమిషను గురించట. ఆ రోజు మా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి క్షమించమనలేదట. "మిషను పంపించనా?" అందట. ఈవిడేమో "నాకు కుట్టడం రాదుగా" అందట. పదకొండేళ్లు!

చెప్పమంది. "మిషను సంగతి కూడా చెప్పు. కానీ తలుపు తీసింది నేనని మర్చిపోకు" అంది.

ఐదో కాగితం మొదలుపెట్టాను. నాన్న_పెద్దకొడుకు గారూ, గొంతు పూడుకుపోయేది రుమాలు దగ్గరే. అక్కడ గీత పెట్టుకున్నాను, ఆవిడ పెన్సిల్‌తోనే.