పౌరహక్కుల చట్టం 1964: ఘనత ఎవరిది?

ప్రశ్న:
అమెరికాలో జాతి వివక్షను నిషేధించిన ఈ చట్టం అధ్యక్షుడు కెన్నెడీ తెచ్చాడని కొందరు, ఆయన తర్వాతి అధ్యక్షుడు జాన్సన్ తెచ్చాడని కొందరు అంటున్నారు. వీధుల్లో జరిగిన నల్లవాళ్ళ ఉద్యమం వాళ్ళను ఎలా కదిలించింది? ఊరేగింపులు తీస్తే చట్టాలు వచ్చేస్తాయా?

జవాబు 1:
రావండీ. ముందు ఉద్యమం దెబ్బతిన్న చోటు చూడండి: జార్జియాలోని ఆల్బనీ, 1961-62. అక్కడి పోలీసు అధిపతి లారీ ప్రిచెట్ కెమెరాల ముందు లాఠీ ఎత్తనివ్వలేదు. అరెస్టయినవాళ్ళను చుట్టుపక్కల కౌంటీల జైళ్ళకు సర్దేశాడు, దాంతో ఊళ్ళో జైలు నిండలేదు. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వానికి తొందరపడాల్సిన అవసరమే రాలేదు. పైగా డిమాండ్లు ఒకటి కాదు, ఊరంతా ఒకేసారి మారాలన్నారు.

1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో గురి కుదించారు: నడిబొడ్డు దుకాణాలు, అదీ ఈస్టర్ బేరాల వేళ బహిష్కరణ. ఉద్యోగాలు పోతాయని పెద్దలు జంకడంతో మే 2న బడిపిల్లలు వచ్చారు. వందల్లో అరెస్టులు. మర్నాడు ఊరి పోలీసు, అగ్నిమాపక శాఖలను నడిపే బుల్ కానర్ కుక్కలను, ఫైరింజన్ గొట్టాలను ప్రయోగించాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. సోవియట్‌తో ప్రచారపోరులో ఉన్న కెన్నెడీకి తలవంపు. జూన్ 11న టీవీలో మాట్లాడాడు, 19న బిల్లు కాంగ్రెస్‌కు పంపాడు.

జవాబు 2:
పంపడం వేరు, గట్టెక్కించడం వేరు. ఆగస్టు 28న వాషింగ్టన్‌కు సుమారు రెండున్నర లక్షల మంది వచ్చారు, అయినా బిల్లు ఆ తర్వాత దిగువసభ రూల్స్ కమిటీలో (బిల్లును సభలో చర్చకు వదిలే కమిటీ) దాని అధ్యక్షుడు హొవార్డ్ స్మిత్ దగ్గర ఇరుక్కుంది. నవంబరులో కెన్నెడీ హత్య తర్వాత జాన్సన్ పట్టుబట్టాడు. 1964 ఫిబ్రవరి 10న దిగువసభలో 290-130తో నెగ్గింది. సెనేట్‌లో దక్షిణాది డెమొక్రాట్లు ఫిలిబస్టర్‌కు (ఓటింగు జరగకుండా ప్రసంగాలు సాగదీయడం) దిగారు. దాన్ని ఆపాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, అంటే రిపబ్లికన్లు లేనిదే కాదు. సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు డర్క్‌సెన్‌ను ఒప్పించడం, నల్లవాళ్ళ ఓట్లు అంతగా లేని మధ్యపశ్చిమ రాష్ట్రాల సెనేటర్ల మీద చర్చిల ఒత్తిడి, ఇవి ఎవరూ ఫొటో తీయని పనులు. జూన్ 10న 71-29తో ఫిలిబస్టర్ ఆగింది. జులై 2న సంతకం.

జవాబు 3:
ఓటుహక్కు విషయంలో ఆ చట్టం బలహీనం. కౌంటీకో కేసు వేస్తూ పోవాల్సిందే. అందుకే అలబామాలోని సెల్మాలో ఉద్యమం. 1965 మార్చి 7న ఎడ్మండ్ పెటస్ వంతెన మీద ఊరేగింపుపై పోలీసుల దాడి, 15న కాంగ్రెస్‌లో జాన్సన్ ప్రసంగం, ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టంపై సంతకం. అక్షరాస్యత పరీక్షలు నిలిపేసి, ఫెడరల్ అధికారులతో పేర్లు నమోదు చేయించే వీలు కల్పించారు. అయితే ముసాయిదా పని సెల్మాకు ముందే మొదలైంది. ఉద్యమం ఇక్కడ తెచ్చింది వేగం.

ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్ష సంగతి చెప్పలేదెవరూ. 1966 షికాగో ఊరేగింపులతో చట్టం రాలేదు. 1968 ఏప్రిల్ 4న ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య, దేశమంతా అల్లర్లు, 11న ఆ వివక్షను నిషేధించే చట్టంపై సంతకం.