అప్‌డేట్: వాటర్ కలర్ కాగితం ముడతల సమస్య తీరింది

ఇంటర్ పరీక్షల మధ్య సాయంత్రాలు ధవళేశ్వరం వెళ్లి గోదావరి బొమ్మలు వేస్తుంటే కాగితం ముడతలు పడుతోందని, రంగులు బురదలా అయిపోతున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది 300 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందపాటి) కాగితమే. మామూలు డ్రాయింగ్ బుక్ కాగితం తడికి ఉబ్బి, పల్లాల్లో రంగు నిలిచిపోయేది. ఇప్పుడు నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకు అంటిస్తున్నా, ఆరాక చదునుగా ఉంటోంది. బురద రంగుకు కారణం వేరే అని మా డ్రాయింగ్ మాస్టారు చూసి చెప్పారు: మొదటి పూత ఆరకముందే రెండోది పడటం. ఏటిగట్టు మీద గాలిలో తేమ ఎక్కువ, ఆరడానికి టైమ్ పడుతుంది. ఆ గ్యాప్‌లో ఫిజిక్స్ ఫార్ములాలు చదువుకుంటున్నా, టెన్షన్ చాలా తగ్గింది. ఖరీదైన బ్రష్‌లు, కొత్త రంగులు అస్సలు అవసరం పడలేదు. కాటన్ బ్యారేజీ గేట్ల వరుస ఎంత బాగా వచ్చిందో!