అప్‌డేట్: పూత అయిపోయిన చామంతులు మళ్లీ మొగ్గ తొడిగాయి

సంక్రాంతి తర్వాత పూత అయిపోయి వాడిపోతున్న కుండీ చామంతుల్ని పీకేయాలా, ఉంచాలా అని తిరుపతి నుంచి అడిగింది నేనే. జవాబులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది కత్తిరించమన్న సలహా. జానెడు మోడు ఉంచి మిగతాది కోసేశాను. కొన్ని వారాలకే మొదలు చుట్టూ పిలకలు లేచాయి, ఒక్కోదానికీ సన్నటి తెల్లని వేళ్లు. మా ఊరి ఎండల సంగతి తెలిసిందే. వేసవంతా షేడ్ నెట్ కింద, ఉదయపు ఎండ మాత్రమే తగిలేలా ఉంచాను. తొలకరి పడ్డాక పిలకలు విడదీసి నాటి, ముసలి మొదళ్లను పారేశాను. నెల తర్వాత చిగుళ్లు తుంచడంతో గుబురుగా పెరిగాయి. కార్తీకంలో మొగ్గలు!

కొందరు వేయమన్న ఎప్సమ్ సాల్ట్ (మొక్కలకు వేసే మెగ్నీషియం ఉప్పు), గుడ్డు పెంకుల అవసరమే రాలేదు. కింది ఆకులు పసుపెక్కడం తెగులు కాదని, పూత అయ్యాక అది మామూలేనని నర్సరీ ఆయన చూడగానే తేల్చేశారు.

ఒక్క కుండీ మాత్రం మొగ్గ వేయలేదు. అది రాత్రంతా వెలిగే మెట్ల బల్బు కింద ఉంది. చామంతి మొగ్గ తొడగాలంటే పొడవైన చీకటి రాత్రులు కావాలి. దాన్ని గోడ అవతలికి మార్చాను.