ఒక్కరికే పండగ వంట: కొలతలు ఎలా తగ్గించాలి?

అందరికీ నమస్కారం. ఈసారి పండగకి ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఇంట్లో రాసిపెట్టుకున్న కొలతలన్నీ 8 మందికి. వండకుండా ఊరుకోవడానికి మనసొప్పడం లేదు, అలాగని వారం పాటు మిగిలిందే తినలేను.

ఇంతకుముందోసారి అన్నీ 8వ వంతు తీసుకుని వండాను. నీళ్ల దగ్గర దెబ్బతిన్నాను. పెద్ద గిన్నె కావడంతో కూర పలచగా పరుచుకుంది, ఉడికేలోపే నీళ్లు ఇగిరిపోయి అడుగంటింది. నీళ్లు గిన్నె వెడల్పుని బట్టి, మంటని బట్టి ఆవిరవుతాయి. ఎంతమందికి వండుతున్నామో వాటికేం తెలుసు!

చిన్న గిన్నెలో వండితే నీళ్లు, టైమ్ మీరు ఎలా లెక్కేస్తారు? ఉప్పు కూడా సరిగ్గా 8వ వంతేనా, లేక రుచి చూస్తూ వేయడమేనా? ఇంకోటి, 1 గుడ్డు పడే స్వీట్ ఉంది. సుమారు 50 గ్రాముల గుడ్డులో 8వ వంతంటే 6 గ్రాములు. గిలకొట్టి తూచొచ్చు కానీ, నవ్వొస్తోంది. దాన్ని సగం కొలతతో చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మేలంటారా? ఫ్రిజ్‌లో అయితే 3, 4 రోజులకి మించి ఉంచను.

ఒంటరిగా పండగ వంట చేసుకునేవాళ్లు కాస్త చెప్పరూ. అన్నట్టు, మొత్తం ఎన్ని రకాలు చేస్తారు?