బల్లకు కుసి కొట్టాలా, స్క్రూలు చాలా?

శనివారం వడ్రంగి
ఆరు నెలల కిందట టేకుతో రాసుకునే బల్ల చేశాను. పై పలక వెడల్పు 600 మిల్లీమీటర్లు. కాళ్లకీ, వాటిని కలిపే పట్టీలకీ జిగురు రాసి, ఏటవాలు రంధ్రాల్లో స్క్రూలు బిగించాను. పై పలకను కూడా కింద నుంచి స్క్రూలతో కదలకుండా పట్టేశాను. ఎండలు ముదిరేసరికి పలక ఒక చివర నుంచి జానెడు పొడవున పగిలింది. పని తెలిసిన పెద్దాయన ఒకరు చూసి, "స్క్రూలు కొడితే ఇంతే" అని నవ్వి వెళ్లిపోయారు. నిజంగా అంతేనా? కుసి, బెజ్జం (ఒక కొయ్య చివరను నాలుకలా చెక్కి ఇంకోదాని రంధ్రంలో దించే అతుకు) చేతికి వచ్చేదాకా నేనేమీ చెయ్యకూడదా?

ఉలిపట్టు
ఆయన మాట కటువుగా ఉన్నా నిజమే. కొయ్య కొసను పట్టీ చివర ఎలా ఉందో అలాగే కాలికి అంటిస్తే జిగురు నిలవదు. ఆ కొస నిండా సన్నని గొట్టాలే, జిగురంతా లోపలికి పీల్చేసుకుంటాయి. అదే పట్టీ చివరను నాలుకలా చెక్కి కాలి బెజ్జంలో దించితే, రెండు పక్కలా పీచు వెంబడి ఉన్న ముఖాలు జిగురుకు దొరుకుతాయి. 30 మి.మీ. మందం పట్టీకి 10 మి.మీ. కుసి, అంటే మూడో వంతు. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? పదునైన ఉలి, ఓపిక ఉంటే చాలు.

పొట్టుడబ్బా
ఓపిక అనేశారు, అక్కడే సగం మంది పని మానేస్తున్నారు సార్. నా మొదటి కుసి బెజ్జంలో గిలకలా ఊగింది. వదులు కుసి కన్నా బిగుతు స్క్రూ వెయ్యి రెట్లు నయం. ముందు సన్నగా రంధ్రం వేసుకుని, సరైన పొడవు స్క్రూ ఎక్కిస్తే ఇంట్లో వాడే అర, బెంచీ ఏళ్ల తరబడి నిలుస్తాయి. పైగా ఇల్లు మారేటప్పుడు విప్పుకోవచ్చు. ప్లైవుడ్‌తో చేసేవాళ్లకైతే ఈ గొడవే అక్కర్లేదు.

మూలమట్టం
ఇద్దరూ అడగని ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. పగిలింది కాళ్ల దగ్గర కాదు, పై పలక. ఆ కాళ్లకు కుసులు కొట్టి ఉన్నా, పలకను అలాగే బిగిస్తే అలాగే పగిలేది.

కొయ్య ఆరితే కుంచించుకుంటుంది, తేమ తగిలితే ఉబ్బుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వయసు వలయాల వెంట సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం తగ్గుతుంది. పొడవులో తగ్గేది లెక్కలోకి రాదు. వలయాల వెంట కోసిన 600 మి.మీ. పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు దాదాపు 4.5 మి.మీ. మారుతుంది. కింద అడ్డపట్టీ పొడవు మాత్రం మారదు. రెంటినీ కదలకుండా కట్టేస్తే ఏదో ఒకటి లొంగాలి. మీ దగ్గర పలక లొంగింది.

మందు చిన్నదే. ముందువైపు పట్టీ మధ్యలో ఒక్క స్క్రూ ఉంచండి. మిగతా చోట్ల పట్టీ రంధ్రాలను పలక వెడల్పు దిశగా సాగదీసి, వాషర్ వేసి కొద్దిగా వదులుగా బిగించండి. లేదా పట్టీ లోపలి వైపు గాడి తీసి, అందులో జారే కొయ్య బిళ్లలతో పలకను పట్టించండి. పై పలకకు జిగురు మాత్రం పొరపాటున కూడా రాయొద్దు.

శనివారం వడ్రంగి
ఇప్పుడే స్క్రూలు విప్పాను. మూడోది వదులవగానే టక్కుమని చప్పుడు! పగులు సగానికి పైగా మూసుకుంది. కాళ్ల అతుకులు ఊపి చూశాను, చెక్కుచెదరలేదు.

పొట్టుడబ్బా
చూశారా, నా స్క్రూలు నిర్దోషులు 😀

ఉలిపట్టు
బల్ల వరకు ఒప్పుకుంటా. కుర్చీ సంగతి చెప్పండి. మనిషి వెనక్కి వాలిన ప్రతిసారీ వెనక కాలికీ పక్క పట్టీకీ మధ్య అతుకు మీద బరువు లివరులా పని చేస్తుంది. పట్టీ కొసలో దిగిన స్క్రూ మరలు అక్కడి పీచును కొంచెం కొంచెం నలిపేస్తాయి. ఓ రోజు కిర్రుమంటుంది, తర్వాత ఊగుతుంది.

మూలమట్టం
కుర్చీ విషయంలో మీతోనే ఉన్నాను. నేనైతే అక్కడ స్క్రూల మీద మాత్రమే ఆధారపడను.

పొట్టుడబ్బా
మూలల్లో లోపలి వైపు ముక్కోణపు దిమ్మలు జిగురుతో, స్క్రూలతో పెడితే? ఫ్యాక్టరీ కుర్చీలు తిరగేసి చూడండి, చాలావాటికి అవే ఉంటాయి.

ఉలిపట్టు
ఉంటాయి, కుసికో కొయ్య మేకుకో తోడుగా. వాటి బదులుగా కాదు.

శనివారం వడ్రంగి
తర్వాత స్టూలు చేద్దామనుకుంటున్నా. ముందు మిగిలిన టేకు ముక్కలతో ఒకటి కుసి, ఒకటి స్క్రూ, రెండు అతుకులు చేసి, రాత్రంతా జిగురు ఆరనిచ్చి, వైస్‌లో పట్టి విరగ్గొట్టి చూస్తా.

ఉలిపట్టు
చెయ్యండి. కానీ మొదటి కుసిని లెక్కలోకి తీసుకోవద్దు, కనీసం ఐదోది విరగ్గొట్టండి.